వాలు భూమిని బాగుచేసుకునే పద్ధతి: కొలత, మట్టి పరీక్ష, పనుల వరుస – సమగ్ర మార్గదర్శి

వాలున్న భూమిలో ఇల్లు ఎక్కడ కట్టాలి, దారి ఎటు నుంచి తీయాలి, గట్లు ఎంతెంత దూరంలో వేయాలి అన్న ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పడం కష్టం. వాలు ఒక్కటే చూస్తే సరిపోదు, మట్టి ఒక్కటే చూసినా సరిపోదు. 10% వాలు లోతైన గరప నేలలో ఇబ్బంది పెట్టదు. అదే వాలులో జానెడు మట్టి, దాని కింద రాయి ఉంటే రెండు పెద్ద వానలకే పైమట్టి పల్లంలో తేలుతుంది.

ఈ మార్గదర్శిలోని పనులు చేయాల్సిన వరుసలోనే ఉన్నాయి. ముందు కొలత, ఆ తర్వాత మట్టి, ఆ తర్వాత నీటి దారి. జేసీబీ వీటన్నిటి తర్వాతే రావాలి. దాన్ని మొదటి రోజే పిలవడం వల్ల జరిగే నష్టాన్ని తర్వాత ఎంత పని చేసినా పూర్తిగా సరిచేయలేం.

## 1. గూటం పాతకముందు భూమంతా నడవండి

ఒకసారి ఎండలో, ఒకసారి గట్టి వాన కురుస్తుండగా లేదా ఆగిన గంటలోపు నడవాలి. రెండోదే అసలైన పరిశీలన. నీళ్లు ఎక్కడ చేరుతున్నాయో, ఎటు పరుగెడుతున్నాయో, పై భూమి నుంచి మీ హద్దులోకి ఎక్కడ దిగుతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

కాగితం మీద చేత్తో ఒక పటం గీసి వీటిని గుర్తించండి:

- వాన వెలిసి రెండు మూడు రోజులైనా తడి ఆరని చోట్లు, ఊటలు, జాలు పట్టే పల్లాలు
- ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే తుంగ, జమ్ము గుబుర్లు (కింద నీరుందని గుర్తు)
- రాయి పైకి తేలిన చోట్లు
- మట్టి కోసుకుపోయిన చాళ్లు, గండ్లు
- తెల్లటి పొర తేలిన చవుడు మచ్చలు
- మొదట్లో వంగి, పైన నిటారుగా పెరిగిన చెట్లు. పక్కకు ఒరిగిన కంచె స్తంభాలు. వాలుకు అడ్డంగా పడిన నెర్రెలు

చివరి గుర్తులు ఒకే చోట రెండు మూడు కనిపిస్తే ఆ వాలు మెల్లగా కిందికి జారుతోందని అనుమానించాలి. అక్కడ ఇల్లు, దారి, కుంట ఏదీ పెట్టవద్దు. జారే వాలుకు మూడు పనులు పనికిరావు: అడుగు తవ్వడం, పైన బరువు వేయడం, లోపలికి నీళ్లు దింపడం.

## 2. వాలును కొలవడం

కంటి అంచనా దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. 

వాలు శాతం = ఎత్తు తేడా ÷ అడ్డ దూరం × 100. దూరాన్ని నేల వెంట కాకుండా, టేపును అడ్డంగా మట్టంగా పట్టి కొలవాలి. 20 మీటర్ల అడ్డ దూరానికి 2 మీటర్లు దిగితే వాలు 10%. శాతం, డిగ్రీ ఒకటి కావు: 45 డిగ్రీలంటే 100%, 10% అంటే 6 డిగ్రీలకు కాస్త తక్కువ.

కావలసినవి: 20 మీటర్ల పారదర్శక గొట్టం, కొలతలు గీసిన రెండు కర్రలు, టేపు, గూటాలు, సున్నం.

1. గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపండి. ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది.
2. రెండు చివరలనూ రెండు కర్రలకు ఆనించి, పక్కపక్కనే నిలబెట్టి నీటి మట్టం ఒకే గీత దగ్గర ఉందో లేదో చూసుకోండి.
3. ఒక కర్రను పైన, ఇంకో కర్రను 10 మీటర్ల కింద నిలబెట్టండి. రెండు కర్రల మీద నీటి మట్టాల అంకెల తేడాయే ఎత్తు తేడా.
4. పై హద్దు నుంచి కింది హద్దు దాకా ఇలాగే దిగండి. కనీసం మూడు వరుసల్లో కొలవండి.

సమమట్టపు రేఖలు (వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే గీతలు) గుర్తించడానికి ఏ-ఆకారపు చట్రం చాలు. రెండు కాళ్ల మధ్య 2 మీటర్ల దూరం, పై కొన నుంచి వేలాడే గుండు, మధ్యలో అడ్డ కర్ర. గుండు దారం తాకిన చోట గీత పెట్టి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గీత పెట్టండి. ఆ రెండు గీతల నడుమ బిందువే మట్టం. కాలువకు 0.5% వాటం కావాలంటే పల్లం వైపు వెళ్లే కాలి కింద 1 సెం.మీ. చెక్కముక్క కట్టి, అదే చట్రంతో గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు.

## 3. శాతాన్ని బట్టి ఏ పని చేయవచ్చు

ఈ హద్దులు మామూలు మట్టికి. సెక్షన్ 5లో చెప్పిన సమస్య నేలలైతే ఒక మెట్టు తగ్గించుకోండి.

- 0–1%: కట్టడం తేలిక, నీళ్లు బయటికి పోవడం కష్టం. సమతలమని సంబరపడే ముందు మురుగు ఎటు పోతుందో చూడాలి.
- 1–5%: అన్నిటికీ అనువైనది. సాగుకు గట్లు చాలు.
- 5–10%: ఇల్లు, దారి బాగానే వస్తాయి. దున్నేది అడ్డంగానే దున్నాలి, వాలు వెంట కాదు.
- 10–15%: ఇంటికి కోత (పై వైపు తవ్వడం), నింపు (పల్లం వైపు మట్టి పోయడం) తప్పవు. ఏటా దున్నే పంటల కన్నా పండ్ల తోట మేలు.
- 15–25%: మెట్లు కట్టకుండా సాగు వద్దు. దారి అడ్డంగా మలుపులు తిరగాలి.
- 25% పైన: చెట్లకు, గడ్డికి వదిలేయడమే తెలివైన పని.

వాలు పొడవును కూడా మరవద్దు. నేల కోతను (నీటికి మట్టి కొట్టుకుపోవడాన్ని) అంచనా వేసే సాధారణ సూత్రం ప్రకారం, అదే పొడవులో వాలు 5% నుంచి 10%కి పెరిగితే కోత సుమారు రెండున్నర రెట్లవుతుంది. పొడవు రెట్టింపైతే ఎకరానికి పోయే మట్టి సుమారు 1.4 రెట్లు. వాలును మనం పెద్దగా మార్చలేం. పొడవును మాత్రం గట్టు వేసి తెంచవచ్చు. గట్ల ఉపయోగం అదే.

## 4. మట్టిని చదవడం

పైమట్టి రంగు చూసి నేలను తేల్చేయకండి. పునాది, ఇంకుడు గుంత, చెట్టు వేరు పనిచేసేది దాని కింద.

పరీక్ష గుంతలు. పై వాలులో ఒకటి, నడుమ ఒకటి, పల్లంలో ఒకటి, ఇల్లు అనుకున్న చోట ఇంకొకటి తవ్వండి. లోతు 1.5–2 మీటర్లు. అంచు కూలే ప్రమాదం ఉంది కాబట్టి నడుము లోతు దాటిన గుంతలోకి ఆసరా లేకుండా దిగవద్దు. మట్టిని పైకి తీయించి వరుసగా పరిచి చూడండి.

ప్రతి గుంతలో రాసుకోవాల్సినవి:

- పైమట్టి మందం (సాధారణంగా నల్లగా, వేళ్లతో నిండి ఉంటుంది)
- పొర మారిన ప్రతి చోట లోతు, రంగు, గట్టిదనం
- రాయి లేదా గట్టి పొర తగిలిన లోతు
- నీరు ఊరిందా, ఎంత లోతులో
- బూడిద రంగులో తుప్పు మచ్చలు మొదలైన లోతు

ఆఖరిది చాలామంది వదిలేస్తారు. ఎండాకాలంలో గుంత పొడిగా ఉన్నా, ఆ మచ్చలు మొదలయ్యే దాకా వానాకాలంలో నీరు నిలుస్తుందని అర్థం. సెల్లారు, ఇంకుడు గుంత ఆలోచనలు అక్కడే తేలిపోతాయి.

వాలు మీద పైనా కిందా మట్టి ఒకేలా ఉండదు. పై భాగంలో పలచగా, రాళ్లతో ఉంటుంది. కొట్టుకొచ్చిన మెత్తటి మట్టి పల్లంలో చేరుతుంది. పల్లం మట్టిని చూసి పొలమంతా అలాగే ఉందనుకునేవాళ్లు పై భాగంలో మొక్కలు పెట్టి నష్టపోతారు.

సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి అయిదు నిమిషాలు గట్టిగా కుదపండి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటలకు దాని మీద చేరేది ఒండ్రు. ఒకటి రెండు రోజులకు పైన తేరేది బంక. పొరల ఎత్తులు కొలిచి వాటా లెక్కకట్టండి.

రిబ్బన్ పరీక్ష. తడి మట్టిని బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 2.5 సెం.మీ. లోపే తెగితే గరప. 2.5–5 మధ్య తెగితే బంక గరప. 5 దాటి సాగితే బంకమట్టి.

సాగు కోసమైతే 15 సెం.మీ. లోతు దాకా పొలమంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ 10–15 చోట్ల మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తగ్గించి ప్రయోగశాలకు పంపండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పల దగ్గర తీయకూడదు. పై వాలు నమూనా, పల్లం నమూనా వేర్వేరుగా పంపాలి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం తప్పక చూడమనండి.

## 5. జాగ్రత్త పడాల్సిన నేలలు

నెర్రెలిచ్చే బంకమట్టి (నల్లరేగడి లాంటివి). తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గోడలు మూలల నుంచి ఏటవాలుగా పగలడానికి ఇదే కారణం. ఉబ్బు ఎంతో తేల్చే పరీక్ష ఉంది: జల్లించిన పొడి మట్టి పది గ్రాముల చొప్పున ఒకటి నీళ్లలో, ఇంకొకటి కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. నీళ్లలోని మట్టి పరిమాణం కిరోసిన్‌లో దానికన్నా 50% మించితే నేల చాలా ప్రమాదకరం, 20% లోపైతే ఫర్వాలేదు.

ఇలాంటి నేలలో పునాది అడుగు తేమ మారని లోతుకు పోవాలి. కింద ఉబ్బెత్తు ఉండే పైల్స్ (నేలలో లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) దీనికి బాగా కుదురుతాయి. లోతు సాధారణంగా 3.5 మీటర్ల దాకా వెళ్తుంది. పైల్స్ మీది బీము నేలకు ఆనకుండా 8 సెం.మీ. దాకా ఖాళీ వదలాలి. ఇంటి చుట్టూ 1.5–2 మీటర్ల గచ్చు వేసి గోడ పక్క తేమ మారకుండా చూడాలి. పెద్ద చెట్టును అది పెరిగే ఎత్తంత దూరంలో నాటండి.

చెదిరిపోయే నేల. సోడియం ఎక్కువున్న బంకమట్టి. చూడటానికి గట్టిగా ఉంటుంది, నీళ్లు తగిలితే పాలలా కరిగిపోతుంది. పరీక్ష చాలా తేలిక: శనగ గింజంత ఎండు మట్టి బెడ్డను వాన నీళ్లున్న గ్లాసులో కదపకుండా వేసి రెండు గంటలు చూడండి. బెడ్డ విరిగిపోయి నీళ్లు తేటగా ఉంటే భయం లేదు. చుట్టూ పాల మబ్బు కమ్మితే ఆ మట్టితో కట్ట కట్టవద్దు. లోపల సొరంగాలు పడి, పైకి ఏమీ కనిపించకుండానే ఒక రాత్రి గండి పడుతుంది. ఇలాంటి చోట పైమట్టిని గీకకుండా గడ్డితో కప్పి ఉంచాలి. జిప్సం కలిపితే చెదరడం తగ్గుతుంది, మోతాదు ప్రయోగశాల చెప్పాలి.

పలచటి మట్టి, కింద రాయి. మట్టి తొందరగా నిండిపోయి మిగతా నీరంతా పైనే పారుతుంది. 45 సెం.మీ. కన్నా తక్కువ మట్టి ఉన్న చోట మెట్లు చెక్కితే నిస్సారమైన అడుగు బయటపడుతుంది.

ఎవరో నింపిన నేల. గుంతలో ఇటుక ముక్కలు, ప్లాస్టిక్, నడుమ పొరలో పాత గడ్డి వేళ్లు కనబడితే అది నింపిన మట్టి. దాని మీద పునాది వేయకండి, దాని కిందికి దింపండి.

## 6. నీటి లెక్క

చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే ఒక లీటరు. ఎకరం మీద 50 మి.మీ. కురిస్తే సుమారు 2 లక్షల లీటర్లు. అందులో సగం పారినా ఎంత బలమో ఊహించుకోవచ్చు.

కాలువ, తూము కొలతకు కావలసింది ఉధృతి. హెక్టార్లలో విస్తీర్ణం × గంటకు మి.మీ.లలో వాన తీవ్రత × పారే వాటా ÷ 360 = సెకనుకు ఘనపు మీటర్లు. పారే వాటా అంటే పడిన వానలో ఇంకకుండా పారే భాగం: అడవికి, మందమైన గడ్డికి 0.2 దగ్గర, దున్నిన బంక నేలకు 0.5–0.6, పైకప్పులకు 0.9 దాకా.

ఉదాహరణకు 2 హెక్టార్ల పై భూమి, గంటకు 60 మి.మీ. వాన, వాటా 0.5 అయితే సెకనుకు సుమారు 167 లీటర్లు. 1% వాటంలో 300 మి.మీ. సిమెంటు గొట్టం నిండుగా పారినా 100 లీటర్లకు మించి మోయలేదు. 450 మి.మీ. గొట్టం 280 దాకా మోస్తుంది. దారి అడుగున చిన్న గొట్టం పెట్టి ఆదా చేశామనుకుంటే ఏటా దారినే తిరిగి పోసుకోవాలి. విస్తీర్ణం అంటే మీ హద్దులోది మాత్రమే కాదు, నీళ్లు దిగే పై భూమి కూడా.

## 7. మొదటి పని: నీటికి దారి

1. ముందు దిగువ మార్గం. సహజంగా నీళ్లు పారే పల్లాన్ని వెడల్పుగా, లోతు తక్కువగా చెక్కి గడ్డి పెట్టండి. గడ్డి కుదురుకున్నాకే అందులోకి నీళ్లు మళ్లించాలి. అంటే ఒక కాలం ముందే మొదలుపెట్టాలి.
2. ఆ తర్వాత మళ్లింపు కాలువ. ఇంటికి, పొలానికి పైన, 0.5–1% వాటంతో. తవ్విన మట్టి పల్లం వైపే వేసి గట్టు చేయండి. వాటం ఎక్కువైతే కాలువే కోసుకుపోతుంది. ఇసుక నేలలో నీటి వేగం సెకనుకు అర మీటరు దాటకూడదు. మంచి గడ్డి ఉన్న కాలువ 1.5 మీటర్ల దాకా ఓర్చుకుంటుంది.
3. గండ్లలో రాతి అడ్డుకట్టలు. కింది కట్ట పైఅంచు, పై కట్ట అడుగు ఒకే మట్టంలో ఉండాలి. ఎత్తు 0.6 మీ., గండి వాలు 6% అయితే దూరం 0.6 ÷ 0.06 = 10 మీటర్లు. నడుమ పల్లంగా, ఒడ్డుల దగ్గర ఎత్తుగా పేర్చండి. మట్టంగా పేర్చితే నీళ్లు ఒడ్డును కోసి పక్క నుంచి పోతాయి. దూకే చోట రాళ్లు పరవాలి.

ఒక చోట పోగేసిన నీటిని పొరుగు పొలంలోకి వదలడం తగాదాకే కాదు, చాలా చోట్ల చట్టం దాకా పోయే సంగతి. వదిలే చోటు సహజ వాగో వంకో అయి ఉండాలి.

## 8. దారి

వాలు మీద నిట్టనిలువుగా వేసిన దారి వానకు వాగవుతుంది. అడ్డంగా ఎక్కించండి. ఏటవాలు 8–10% మించకుండా చూడండి. తప్పనిసరైతే కొద్ది దూరం 12%. వెడల్పు 3–4 మీటర్లు, పైభాగం పక్కకు 4% వాటం.

మట్టి దారి మీద నీళ్లు పొడవునా పరుగెత్తకుండా, దారికి 30 డిగ్రీల ఏటవాలులో అడ్డ గట్లు వేయాలి. 5% దారికి సుమారు 40 మీటర్లకు ఒకటి, 10%కి 25 మీటర్లకు ఒకటి. వాటి నోరు గడ్డి మీదికో రాళ్ల మీదికో తెరుచుకోవాలి, నింపిన మట్టి మీదికి కాదు.

బంక నేలలో కంకర ఎంత పోసినా మింగేస్తుంది. ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, దాని మీద 15–20 సెం.మీ. మొరం వేసి రోలరు తిప్పితే నిలుస్తుంది.

## 9. ఇంటి స్థలం: కోత, నింపు

వాలు ఎక్కువైతే స్థలం ఎంత మింగుతుందో ముందే చూసుకోండి. 12 మీటర్ల వెడల్పు చదును కావాలి, సగం తవ్వి సగం నింపుతున్నాం, అంచులకు ఎత్తు 1కి అడుగు 2 చొప్పున వాలు ఇస్తున్నాం అనుకుందాం. 10% నేలలో మొత్తం 15 మీటర్లు పడుతుంది. 20%లో 20 మీటర్లు. 30%లో 30 మీటర్లు. ఏటవాలు నేలలో ఒక పెద్ద చదును కన్నా రెండు మూడు చిన్న మెట్లు, లేదా స్తంభాల మీద ఇల్లు మేలని ఈ అంకెలే చెబుతున్నాయి.

ఇల్లు సగం తవ్విన నేల మీద, సగం నింపిన నేల మీద నిలబడకూడదు. నింపిన సగం దిగుతుంది, ఇల్లు నడుమ చీలుతుంది. తవ్విన వైపు ఇల్లు, నింపిన వైపు వాకిలి పెట్టండి. కుదరకపోతే నింపు వైపు పునాదిని అసలు నేల దాకా దింపండి.

పని వరుస:

1. పైమట్టి 15–20 సెం.మీ. గీకి వేరే చోట, 2 మీటర్ల ఎత్తు మించకుండా కుప్ప పోయండి. నింపులో దీన్ని వాడకూడదు, కుళ్లి దిగుతుంది.
2. నింపే చోట వాలు 20% పైన ఉంటే అసలు నేలను మెట్లుగా చెక్కండి. నున్నటి వాలు మీద పోసిన మట్టి మొత్తం పలకలా జారుతుంది.
3. ఊట ఉంటే నింపకముందే కంకర, చిల్లుల గొట్టం పెట్టి బయటికి తీయండి.
4. 15–20 సెం.మీ. పొరలుగా పోసి, ప్రతి పొరనూ దిమ్మిసతోనో రోలరుతోనో కుదించండి. మీటరు ఎత్తు ఒకేసారి పోసి పైనుంచి తిప్పితే పై జానెడే గట్టిపడుతుంది.
5. మట్టి పదునులో ఉండాలి. గుప్పిట్లో పిసికితే ముద్దవ్వాలి, వేలితో నొక్కితే రెండు ముక్కలవ్వాలి. పొడిగా రాలితే నీళ్లు చల్లండి, చేతికి అంటుకుంటే ఆరనివ్వండి.
6. అంచులు: నింపుకు ఎత్తు 1కి అడుగు 2. గట్టి నేల కోతకు 1కి 1.5 చాలవచ్చు, మెత్తటి బంకకు 2 కన్నా తగ్గించవద్దు.
7. గోడ నుంచి బయటికి మొదటి 3 మీటర్లలో 15 సెం.మీ. పల్లం ఇవ్వండి. కొండ వైపు కూడా. ఆ వైపే మరిచిపోతారు.

తవ్విన మట్టి పొంగుతుంది. మామూలు మట్టి 20–30%, పగలగొట్టిన రాయి 50% దాకా. లారీల లెక్క దీని మీదే వేసుకోవాలి.

రాతి నిలుపు గోడ కట్టాల్సి వస్తే అడుగు వెడల్పు ఎత్తులో సుమారు సగం, వెనక 30 సెం.మీ. కంకర, 1.5–2 మీటర్లకు ఒక నీటి రంధ్రం. గోడలు ఎక్కువగా పడిపోయేది వెనక నిలిచిన నీటి బరువుకే. 1.2 మీటర్లు దాటితే ఇంజనీరు గీసి ఇవ్వాలి.

## 10. మురుగు నీరు ఇంకుతుందా?

సెప్టిక్ ట్యాంకు నీళ్లను నేల తాగగలదో లేదో తెలియకుండా ఇంటి చోటు ఖాయం చేయవద్దు.

1. ఇంకుడు కాలువ అడుగు ఎంత లోతో అంత లోతున, 15–30 సెం.మీ. వెడల్పు గుంత తవ్వండి. గోడలను మేకుతో గీరండి. పార నున్న చేసిన బంకమట్టి నీళ్లు తాగదు.
2. అడుగున 5 సెం.మీ. కంకర వేయండి.
3. నీళ్లు నింపి రాత్రంతా నాననివ్వండి. పొడి నేలలో నేరుగా కొలిస్తే ఫలితం మోసం చేస్తుంది.
4. మర్నాడు కంకర మీద 15 సెం.మీ. నీళ్లు పోసి, 30 నిమిషాలకోసారి ఎంత దిగిందో కొలవండి. దిగుడు స్థిరపడ్డాక వచ్చిన అంకె తీసుకోండి.

25 మి.మీ. దిగడానికి 60 నిమిషాలు దాటితే ఆ నేల పనికిరాదు. ఒక నిమిషం లోపే దిగితే అదీ ప్రమాదమే, మురుగు వడకట్టకుండానే భూగర్భ జలంలో కలుస్తుంది. ఇంకుడు కాలువ అడుగుకూ నీటి మట్టానికీ (లేదా రాతికీ) మధ్య 1.2 మీటర్ల మంచి మట్టి ఉండాలి. బావి వాలుకు పై వైపు, కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. స్థానిక నిబంధన ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించండి.

వాలులో ఇంకుడు కాలువలను అడ్డంగా, ఒక్కొక్కటీ మట్టంగా వేయాలి. కోత అంచుకు దగ్గరగా వేస్తే మురుగు కోత ముఖం లోంచి బయటికి కారుతుంది.

## 11. పొలం: గట్లు, మెట్లు, తడి

కాంటూరు గట్లు (సమమట్టపు రేఖ వెంట వేసేవి) 6% దాకా వాలుకు, నీరు ఇంకే నేలకు, వాన తక్కువ చోట్లకు. గట్టుకు గట్టుకు ఎత్తు తేడా (మీటర్లలో) = 0.3 × (వాలు శాతం ÷ 3 + 2). 3% వాలుకు 0.9 మీ. తేడా, అంటే 30 మీటర్ల దూరం. 6%కి 1.2 మీ. తేడా, 20 మీటర్ల దూరం. కుదురుకున్నాక గట్టు ఎత్తు 0.6 మీ., పైన 0.5 మీ., అడుగు 2.3 మీ. ఉండాలి. వదులుగా పోసిన మట్టి దిగుతుంది కాబట్టి 20–25% ఎక్కువ ఎత్తు పోయండి. మిగులు నీటికి రాళ్లు పరిచిన అలుగు తప్పనిసరి.

లోతైన బంక నేలలో, వాన ఎక్కువ చోట్ల ఇవి పనికిరావు. నీరు నిలిచి పైరు కుళ్లుతుంది, ఎండాకాలం నెర్రెల్లోంచి గట్టు తెగుతుంది. అక్కడ 0.2–0.4% వాటం ఇచ్చిన గట్లు వేసి నీటిని గడ్డి కాలువలోకి మెల్లగా దింపాలి.

మెట్లు 16–33% వాలుకు కుదురుతాయి, కానీ 25% దాటితే చెట్లకు, గడ్డికి వదిలేయడమే మేలు. అంచు వాలు ఎత్తు 1కి అడుగు 1 అయితే మెట్టు ఎత్తు = వెడల్పు × వాలు ÷ (100 − వాలు). 20% వాలులో 5 మీటర్ల మెట్టుకు ఎత్తు 1.25 మీ., లోపలి అంచున తవ్వే లోతు అందులో సగం. మంచి మట్టి లోతు దానికన్నా తక్కువుంటే మెట్టు వెడల్పు తగ్గించండి. కింది మెట్టుతో మొదలుపెట్టి, పై మెట్టు పైమట్టిని దాని మీద పరుస్తూ పైకి రండి. వాన ఎక్కువ చోట మెట్టు లోపలికి, తక్కువ చోట కాస్త బయటికి వాలాలి. అంచుల మీద వట్టివేరు లేదా గుబురు గడ్డి.

తడి. ఇసుక నేల గంటకు 30 మి.మీ. పైన తాగుతుంది, గరప 10–20, బంక 1–5. బంక వాలు మీద అంతకన్నా ఎక్కువ నీళ్లు చల్లే స్ప్రింక్లరు పెడితే నీళ్లు పల్లానికి పోతాయి. డ్రిప్‌లో ప్రతి మీటరు దిగుడుకు 0.1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. పక్క గొట్టాలను అడ్డంగా వేసి, ఒత్తిడిని సరిచేసే డ్రిప్పర్లు వాడండి.

కుంట తవ్వాలంటే మట్టిలో కనీసం 20% బంక ఉండాలి. అంచు బంక నేలలో ఎత్తు 1కి 1.5, ఇసుక కలిసిన నేలలో 2.5–3. నీళ్లు వచ్చే వైపు ఒండ్రు గుంత, పోయే వైపు అలుగు. ఇంటికి సరిగ్గా పైన కుంట తవ్వవద్దు.

## 12. పొరపాట్లు, సరిదిద్దే దారి

- కుంట నీరు నిలవడం లేదు. అడుగున బంకమట్టి 30 సెం.మీ., రెండు పొరలుగా, పదునులో కుదించండి. పొడి బంక చల్లితే లాభం లేదు.
- గట్టు ఒకే చోట తెగుతోంది. అక్కడ గట్టు దిగి ఉంటుంది లేదా మట్టం తప్పి ఉంటుంది. అతుకు వేయకుండా ఆ భాగం తవ్వి, మెట్లుగా చెక్కి పొరలుగా కట్టండి. మిగతా పొడవంతా మళ్లీ మట్టం చూడండి.
- కోత ముఖం నుంచి నీరు కారుతోంది. సిమెంటు పూయకండి, లోపల నీరు పోగై మొత్తం జారుతుంది. అడుగున రాళ్లు నింపిన కాలువతో బయటికి తీయండి.
- కొత్త చదును మీద ఏమీ మొలవడం లేదు. అడుగు మట్టి పైకొచ్చింది. దాచిన పైమట్టి 10 సెం.మీ. పరచండి; అది లేకపోతే పచ్చిరొట్ట రెండు కాలాలు.
- తడి నేల మీద యంత్రం తిప్పారు. గట్టిపడిన పొర ఎంత లోతులో ఉందో కడ్డీ గుచ్చి చూసి, నేల పొడిగా ఉన్నప్పుడు దాని కిందికి దిగే నాగలితో చీల్చండి. తడిలో చీల్చితే ఇంకా పాడవుతుంది.

## 13. తొలి వానాకాలం

మట్టి పని వానలకు నెల ముందే ఆపి, తెరిచిన నేలంతా గడ్డి విత్తనం, ఎండు గడ్డి పరుపుతో కప్పండి. 25 మి.మీ. దాటిన ప్రతి వాన తర్వాత తిరిగి చూడాల్సినవి:

- మళ్లింపు కాలువలో ఒండ్రు, చెత్త
- అలుగుల దగ్గర రాళ్లు కదిలాయా
- నింపు పైఅంచున కొత్త నెర్రెలు (ఉంటే ప్లాస్టిక్ కప్పి, నీటిని పక్కకు మళ్లించి ఇంజనీరును పిలవండి)
- దారి అడ్డ గట్లు చక్రాలకు అణిగాయా
- గోడ రంధ్రాల్లోంచి నీరు వస్తోందా, బురద వస్తోందా

రంధ్రంలోంచి తేట నీరు వస్తే గోడ సరిగా పనిచేస్తోంది. బురద వస్తుంటే వెనక మట్టి కొట్టుకుపోతోంది; వానలు తగ్గగానే ఆ చోట వెనక తవ్వి, కంకరకూ మట్టికీ మధ్య వడకట్టే గుడ్డ వేసి మళ్లీ నింపాలి.